ఓడ పగిలిన తరువాత: మోటుపల్లి అభయశాసనం – ఒక సాహిత్య పఠనం

ఉపోద్ఘాతం

తెలుగు కావ్యాలలో సముద్రానికి చోటు లేకపోలేదు. ప్రబంధానికి లాక్షణికులు విధించిన అష్టాదశ వర్ణనలలో అర్ణవ వర్ణన ఒకటి. భక్తి సాహిత్యంలో సంసారం సాగరం, దేహం నావ, దైవం కర్ణధారి. లోకోక్తిలో ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి. అయినా తుఫానులో ఓడ పగిలి, ప్రాణంతో ఒడ్డున పడ్డ మనిషి మరునాడు ఏ స్థితిలో ఉంటాడు, అతని సరుకు ఎవరిదవుతుంది, అతను మళ్లీ సముద్రం మీదికి ఎలా వెళతాడు అన్న ప్రశ్నలు మన కావ్యాలలో అరుదుగా వినిపిస్తాయి. ఈ ప్రశ్నల దగ్గరే మొదలయ్యే పాఠం ఒకటి తెలుగు నేల మీద ఉంది. అది తాటాకు మీద కాక రాతి స్తంభం మీద ఉండటం వల్ల సాహిత్య చరిత్రకారుల దృష్టి దాని మీద అంతగా నిలవలేదు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనమే ఆ పాఠం.

చరిత్రకారులు ఈ శాసనాన్ని విదేశీ వాణిజ్యానికి, సుంకాల వ్యవస్థకు ఆధారంగా విస్తృతంగా వాడుకున్నారు. ఆ వినియోగంలో శాసనం సమాచారంగా మిగిలిపోయింది. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, తుఫానును ఏ వాక్యంలో ఎక్కడ నిలిపారు, ఏది చెప్పి ఏది వదిలారు అన్నవి సాహిత్య విమర్శ వేయవలసిన ప్రశ్నలు. కేతన దశకుమార చరిత్ర, శ్రీనాథుని హరవిలాసం, త్యాగరాజు నౌకా చరిత్రం అనే మూడు రచనల పక్కన నిలిపి ఈ శాసనాన్ని చదివితే, కావ్యం చూడని సముద్ర జీవితాన్ని శాసనం ఎంతవరకు చూసిందో, అది కూడా చూడలేకపోయినది ఏమిటో తెలుస్తుంది.

స్థలం, కాలం

గుంటూరు, ప్రకాశం మైదానాల పేరు చెప్పగానే నల్లరేగడి, పత్తి, మిరప గుర్తుకు వస్తాయి. ఆ నేల తూర్పు అంచున, చినగంజాం ఉప్పు మడుల సమీపంలో మోటుపల్లి ఉంది. మొదట గుంటూరు జిల్లాలో, 1970 నుంచి ప్రకాశం జిల్లాలో, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్న ఈ ఊరు నేడు చిన్న గ్రామం. పదమూడో శతాబ్దంలో కాకతీయ రాజ్యానికి ఇది ప్రధానమైన రేవు. ఆ శతాబ్దం చివరి దశకంలో ఈ తీరాన్ని గురించి చెప్పిన మార్కోపోలో రాజ్యాన్నే రేవు పేరుతో 'ముత్ఫిలి' అన్నాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని నూలు వస్త్రాలను మెచ్చుకున్నాడు. లోపలి మైదానపు పత్తి బండ్ల మీద రేవుకు చేరి ఓడలెక్కిన కాలం అది. బండ్లు, ఓడల సామెతకు ఈ ఊరే ఒక వ్యాఖ్యానం.

ఇక్కడి వీరభద్రాలయంలోని స్తంభం మీద శాలివాహన శకం 1166, క్రోధి సంవత్సరంలో, అంటే సామాన్య శకం 1244–45లో, ఈ శాసనం వేశారు. దీనిని హుల్ట్జ్ ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండవ సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు. కాకతీయుల వంశ ప్రశస్తి, ప్రధానమైన అభయ వాక్యం సంస్కృతంలో ఉన్నాయి. సరుకుల మీద సుంకాల పట్టిక తెలుగులో ఉంది. ఊరికి ఇందులో మరో పేరు కూడా కనిపిస్తుంది: దేశ్యుయ్యక్కొండపట్టణం. ఇందులో 'ఉయ్' అనే తమిళ ధాతువుకు బతకడం, గట్టెక్కడం అని అర్థం. గట్టెక్కినవారికి అభయమిచ్చే శాసనానికి ఇంతకంటే తగిన చిరునామా దొరకదు.

ఈ తీరానికి సహజమైన ఓడరేవు లేదు. కోరమండల్ తీరంలో పెద్ద ఓడలు లోతు నీటిలో లంగరు వేసి నిలిచేవి. కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలను దాటుకుంటూ మనుషులను, సరుకును ఒడ్డుకు చేర్చేవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో పుట్టే తుఫానులకు అడ్డు నిలిచే కొండ గాని, లోపలికి చొచ్చుకొచ్చిన నీటి మడుగు గాని ఇక్కడ లేవు. ఓడ పగలడం ఇక్కడ కవి కల్పన కానక్కర లేదు. ఏటేటా ఎదురుచూడవలసిన ఆపద.

కథలో తుఫాను, కీర్తనలో తుఫాను

గణపతిదేవుని కాలానికి దగ్గరివాడు మూలఘటిక కేతన. దండి గద్యాన్ని తెలుగు కావ్యంగా మలచి తిక్కనకు అంకితమిచ్చి 'అభినవ దండి' అనిపించుకున్నాడు. ఆ కథలో రత్నోద్భవుడు కాలయవన ద్వీపానికి వెళ్లి, అక్కడి వణిజుని కూతురు సువృత్తను పెళ్లాడి తిరిగి వస్తుండగా ఓడ మునుగుతుంది. నిండు గర్భిణి అయిన సువృత్త దాదితో కలిసి ఒక పలక ఆధారంగా ఒడ్డు చేరి అడవిలో పుష్పోద్భవుని కంటుంది. భర్త ఏమయ్యాడో ఆమెకు తెలియదు. ఏళ్లు గడిచాక కొడుకు ద్వారా ఆ కుటుంబం ఒకటవుతుంది.

ఇక్కడ తుఫాను చేసే పని విడదీయడం. కలపడానికి ముందు విడదీయాలి కాబట్టి కథకు తుఫాను అవసరం. పలక తేలినంతసేపు కథ నడుస్తుంది. పలక ఒడ్డు చేరిన తరువాత రత్నోద్భవుడు ఇన్నేళ్లు ఏం తిన్నాడు, పోయిన సరుకుకు ఎవరికి లెక్క చెప్పాడు అన్నవి కథకు అక్కర లేదు. విరహం మిగులుతుంది, అప్పు మిగలదు. ఇది కేతన లోపం కాదు, ఆ కథాప్రక్రియ స్వభావం. అద్భుత కథలో కాలం రెండు సంఘటనల మధ్య ముడుచుకుపోతుంది. సముద్ర జీవనం మాత్రం ఆ ముడుపులోనే, ఎదురుచూపులోనే ఉంటుంది.

త్యాగరాజు నౌకా చరిత్రంలో తుఫాను పని వేరు. యమునలో గోపికలు కృష్ణునితో కలిసి నావ ఎక్కుతారు. అతడు తమకు లొంగాడన్న గర్వం వారిలో పెరుగుతుంది. గాలివాన లేస్తుంది, నావకు చిల్లి పడుతుంది, కట్టుకున్న వస్త్రాలతోనే ఆ చిల్లిని మూయవలసి వస్తుంది. అహంకారం కరిగి శరణాగతి కలిగాక నావ ఒడ్డు చేరుతుంది. చిల్లిని మూయడం వరకు ఇది నావికుని పనే. నీరు ఎక్కుతున్న పడవలో ఏ గుడ్డ చేతికి అందితే దాన్ని కుక్కడం నేటికీ పడవ నడిపేవారికి తెలిసిన పని. అయితే ఆ పని ఇక్కడ పాఠంగా మారుతుంది. తుఫాను గురువు, చిల్లి పరీక్ష.

ఒక రచనలో తుఫాను కథను నడిపిస్తుంది, మరొక రచనలో మనిషిని సంస్కరిస్తుంది. రెండింటిలోనూ దానికి ఒక ప్రయోజనం ఉంది. ఏ ప్రయోజనమూ లేని తుఫాను, ఊరికే వచ్చి ఓడను పగలగొట్టి పోయే తుఫాను, ఈ రెండు ప్రక్రియలలోనూ ఇమడదు.

తుఫాను లేని సముద్రం

మోటుపల్లి కాలం నాటి వాణిజ్యానికి కావ్య సాక్ష్యంగా విమర్శకులు చూపేది శ్రీనాథుని హరవిలాసం. కృతిభర్త అవచి తిప్పయ సెట్టి, కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. అవతారికలో శ్రీనాథుడు అతని సముద్ర వ్యాపారాన్ని దేశాల పేర్లతో వర్ణిస్తాడు: పంజర నుంచి కర్పూర తరువులు, సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు. జోంగు వంటి ఓడరకాల పేర్లు కూడా అతనికి తెలుసు. తెలుగులో సముద్ర వాణిజ్యం మీద ఇంత నిర్దిష్టమైన పదజాలం ఒకచోట దొరకడం అరుదు. మల్లంపల్లి సోమశేఖర శర్మ వంటి చరిత్రకారులకు ఈ పద్యాల విలువ అందువల్లనే తెలిసింది.

అయితే ఈ సముద్రంలో గాలి వీచదు. ఏనుగు సింహళంలో బయలుదేరిన క్షణంలోనే కృతిభర్త ముంగిట నిలుస్తుంది. బయలుదేరిన రేవు ఉంది, చేరిన రేవు ఉంది, నడుమ సముద్రం లేదు. అవతారిక లక్ష్యం కృతిపతి వైభవం కాబట్టి చేరని ఓడకు అందులో చోటు లేదు. అదే తీరంలో చేరని ఓడల గురించే వేసిన శాసనం శ్రీనాథునికి ఒకటిన్నర శతాబ్దం ముందే నిలబడి ఉందని గుర్తుంచుకుంటే, ఆ పద్యాల నిండుతనంలోని ఖాళీ కూడా కనిపిస్తుంది.

అభయ వాక్యం

శాసనంలోని ప్రధాన భావం ఇది. సకల ద్వీపాల నుంచి, దేశాల నుంచి, పట్టణాల నుంచి రాకపోకలు సాగించే సముద్ర వర్తకులకు గణపతిదేవుడు అభయమిస్తున్నాడు. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు తుఫాను దెబ్బకు పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారు. ధనం ప్రాణం కంటే గొప్పదని భావించి సముద్రయానమనే మహాసాహసానికి పూనుకున్న వారి మీద కృపతో, కీర్తికోసం, ధర్మంకోసం, నియమితమైన సుంకం తప్ప తక్కినదంతా తాము విడిచిపెడుతున్నామని రాజు ప్రకటిస్తున్నాడు.

ఈ ప్రకటనలో సంఘటనల వరుస గమనించదగినది. మొదట గాలి ఓడను పగలగొడుతుంది, ఒడ్డున పడవేస్తుంది. ఆ వెంటనే రాజు సరుకును పట్టుకుంటాడు. గాలి చేసిన పనికి, రాజు చేసిన పనికి నడుమ విరామం లేదు. వర్తకుని వైపు నుంచి చూస్తే రాజు రెండో తుఫాను. శాసనకర్త ఆ మాట అనలేదు, కాని 'బలవంతంగా' అన్న విశేషణాన్ని పూర్వపు రాజులకు తగిలించి తాను మాత్రం దానికి దూరంగా నిలిచాడు. వంశ ప్రశస్తిలో పూర్వరాజులను కొనియాడటం శాసనాల సంప్రదాయం. ఇక్కడ ఆ ప్రశస్తి ముగిసిన తరువాత, పేరెత్తకుండానే, రాజత్వపు పాత అలవాటు ఒకటి తప్పని ఒప్పుకోవడం జరిగింది. ఒక రాజశాసనం రాజుల దోపిడీని దోపిడీగానే చెప్పడం చిన్న విషయం కాదు.

ఆ అలవాటు ఒక్క తెలుగు తీరానిదీ కాదు. పడమటి తీరంలోని ఏలి రాజ్యం గురించి మార్కోపోలో ఒక విచిత్రమైన వాదాన్ని నమోదు చేశాడు: మరో రేవుకు పోతూ దారి తప్పి వచ్చిన ఓడను దేవుడే తమ దగ్గరికి పంపాడని చెప్పి అక్కడివారు దోచుకునేవారు. అబ్దుర్ రజాక్ 1442లో కాలికట్ చేరినప్పుడు, గాలికి కొట్టుకొచ్చిన ఓడను దోచుకోవడం ఇతర రేవులలో ఆచారమని, కాలికట్‌లో అది లేదని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ చట్టం, మునిగిన ఓడ నుంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ ఓడను దిక్కులేని సొత్తుగా పరిగణించరాదని చెప్పింది. దైవం పంపిందన్న వాదానికి మోటుపల్లి స్తంభం మీద చోటు దొరకలేదు. గాలి గాలిగానే ఉంది. దానికి ఉద్దేశం లేదు, కథ లేదు, బోధ లేదు.

మరో విశేషం, సముద్ర వర్తకుని గురించి చెప్పిన మాట. ప్రాణం కంటే ధనం మిన్న అనుకోవడం నీతిశాస్త్ర దృష్టిలో దోషం. శతకకారుడైతే ఇక్కడ ఒక హితవు చెప్పి ఉండేవాడు. శాసనం చెప్పదు. ఆ ఆశను ఉన్నదున్నట్టు అంగీకరించి, దాని కోసం పడిన కష్టాన్ని చూసి కృప చూపుతుంది. ఆశపడ్డవాడు దండనకు అర్హుడన్న తర్కం కూడా ఇందులో లేదు. ఆపదలో ఉన్నవాడికి ముందు గుణపాఠం చెప్పి తరువాత చేయి అందించే ధోరణికి ఇది పూర్తిగా భిన్నం.

కృప, సుంకం

ఈ కృప వెనుక లాభదృష్టి ఉందన్న ఆక్షేపణ సహజం. ఓడలు భయపడి మరో రేవుకు పోతే ఖజానాకు నష్టం. సుంకం ముప్పైకి ఒకటి అని శాసనమే చెబుతుంది. చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు అంటూ ఆ వెంట సుంకాల పట్టిక నడుస్తుంది. లక్ష పోకలకు ఇంత, పట్టు మూటకు ఇంత అని గద్యాణాలు, పణాల లెక్క సాగుతుంది. మిరప ఇంకా ఈ ఖండానికి రాని కాలం. నేడు మిరప పండే నేల అంచున అప్పటి కారం మిరియమే.

భాష మారిన చోటు ఇక్కడ కీలకం. కృప సంస్కృతంలో ఉంది, సుంకం తెలుగులో ఉంది. కీర్తి దేశదేశాలకు వినబడాలి కాబట్టి ఒక భాష, రేవులో కూర్చుని మూటలు లెక్కించేవాడికి అర్థం కావాలి కాబట్టి మరో భాష అని దీన్ని వివరించవచ్చు. ఈ విభజనను చూసి సంస్కృత భాగం అలంకారమని, తెలుగు భాగం అసలు విషయమని తేల్చడం తేలిక. కాని రెండు భాగాలను కలిపే మాట ఒకటి ఉంది: సుంకం నియమితమైనది. ఒడ్డున పడ్డ వర్తకుని భయం పోగొట్టుకున్నదాని గురించి మాత్రమే కాదు, ఇంకా ఎంత పోతుందో తెలియకపోవడం గురించి కూడా. పూర్వరాజులు తీసుకున్నది 'సర్వస్వం', దానికి హద్దు లేదు. ముప్పైకి ఒకటి అన్నది హద్దు. హద్దు తెలిసినప్పుడే మనిషి రేపటి లెక్క వేసుకోగలడు. అభయమన్న మాటకు ఈ తెలుగు పట్టిక ఇచ్చే అర్థం అదే: భయానికి ఒక కొలత. కృప మనసు మారితే మారుతుంది. రాతి మీద చెక్కిన అంకె అంత సులువుగా మారదు. అందువల్ల పట్టికను కృపకు విరుద్ధమైనదిగా కాక, దాన్ని నిలబెట్టే ఆధారంగా చదవడమే సమంజసం. శాసనకర్త కీర్తి కోరికను దాచకపోవడం కూడా ఈ నిజాయితీలో భాగమే.

రెండో శాసనం

కొండవీటి రెడ్డిరాజు అనవోతా రెడ్డి 1358లో ఇదే ఊరిలో మరో శాసనం వేయించాడు. ఊరిని అది ముకుళపురం అంటుంది. ఇక్కడికి వచ్చి నివసించదలచిన వర్తకులకు భూమి ఇస్తామని, వెళ్లదలచిన వారిని ఆపబోమని, సరుకును తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చని అందులో ప్రకటించారు. కొడుకులు లేకుండా మరణించినవారి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక పద్ధతిని వదులుకున్నారు.

నూట పద్నాలుగేళ్ల ఎడం ఉన్న ఈ రెండు పాఠాలను ఒకదాని వెంట ఒకటి చదివితే, కేతన కథలో ముడుచుకుపోయిన కాలం విప్పుకుంటుంది. మొదటిది ఒడ్డున పడ్డ క్షణానిది. రెండోది ఆ తరువాతి నెలలది, ఏళ్లది: ఉండటానికి నేల, అమ్ముకోవడానికి స్వేచ్ఛ, గాలి అనుకూలించినప్పుడు వెళ్లిపోయే హక్కు, వెళ్లలేక ఇక్కడే చనిపోతే వెనుక మిగిలినదానికి రక్షణ. ముఖ్యంగా చివరి అంశం గమనించదగినది. పరదేశంలో కొడుకు లేకుండా చనిపోయేవాడి గురించి రాజు ఆలోచించాడంటే, అలాంటి చావులు ఆ రేవులో జరిగేవని అర్థం. రత్నోద్భవునికి పుష్పోద్భవుడు దొరికాడు. కొడుకు దొరకని రత్నోద్భవుల కోసం ఈ శాసనం మాట్లాడింది.

శాసనాల మౌనం

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఈ రెండు పాఠాలు సముద్ర జీవితాన్ని పూర్తిగా చూశాయనుకోవడం పొరపాటు. అభయం పొందినవాడు వర్తకుడు. ఓడ నడిపినవాడు, తెరచాప దించినవాడు, చిల్లిని మూసినవాడు, పగిలిన పలకలను ఒడ్డుకు లాగి మళ్లీ కుట్టినవాడు ఈ వాక్యాలలో లేరు. అలలకు ఎదురు పోయి మునుగుతున్నవారిని మసూలా పడవలో తెచ్చిన స్థానిక బెస్తలు, పల్లెకారులు లేరు. తిరిగి ఇవ్వదగిన ఆస్తి ఉన్నవాడికే అభయం వర్తిస్తుంది. పోగొట్టుకోవడానికి ఒంటి చాకిరీ తప్ప మరేమీ లేనివాడికి ఏమి తిరిగి ఇవ్వాలో శాసనానికి తెలియదు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఈ మౌనాన్ని రాజులకంటే ముందు జనం గుర్తించారని చూపుతుంది. సామెతలో పేరున్నవాడు పడవవాడే, వర్తకుడు కాదు. ఒడ్డు చేరిన తరువాత మరిచిపోయే అలవాటును అది ఎత్తిపొడుస్తుంది. కావ్యం ఓడను మరిచింది, శాసనం ఓడ మల్లయ్యను మరిచింది, సామెత మాత్రం ఇద్దరినీ గుర్తుపెట్టుకుంది. తెలుగు సముద్ర సాహిత్య చరిత్రను రాసేవారు కావ్యానికి, శాసనానికి పక్కన ఈ మౌఖిక సంపదను కూడా సమాన సాక్ష్యంగా నిలపవలసిన అవసరం ఇక్కడ కనిపిస్తుంది.

ముగింపు

కేతనలో తుఫాను కథను కదిలిస్తుంది, త్యాగరాజులో అహంకారాన్ని కరిగిస్తుంది, శ్రీనాథుని అవతారికలో కనిపించకుండా పోతుంది. మోటుపల్లి అభయశాసనంలో అది ఓడను పగలగొట్టి పోతుంది. ఆ తరువాత జరిగేదానికి మనుషులే బాధ్యులు. శాసనాన్ని సాహిత్యంగా చదవడానికి ఈ దృష్టి భేదమే తగిన కారణం. ఛందస్సు, అలంకారం ఉన్న ప్రశస్తి శ్లోకాలను మాత్రమే శాసన సాహిత్యంగా లెక్కించి, అభయ వాక్యాన్ని, సుంకాల పట్టికను చరిత్ర శాఖకు వదిలివేసే పద్ధతిని పునఃపరిశీలించాలి. భయానికి కొలత కట్టిన తెలుగు గద్యం ఆ పట్టికలోనే ఉంది.

ఈ పరిశీలన గతానికే పరిమితం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు కృష్ణా, గుంటూరు తీరాలలో వేలమంది మరణించారు. ఆ తరువాత కూడా ఈ తీరం ఎన్నో తుఫానులు చూసింది. ప్రతి తుఫాను తరువాతా ప్రకటనలు వస్తాయి, పట్టికలు తయారవుతాయి. ఆ పట్టికలలో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు, ఇచ్చేది దయగా ఇస్తున్నారా, కొలత చెప్పి ఇస్తున్నారా అన్న ప్రశ్నలు మోటుపల్లి స్తంభాన్ని చదివినవారికి కొత్తవి కావు. వలలు, పడవలు పోగొట్టుకున్నవారి వైపు నుంచి రాసిన పాఠం ఇంకా రావలసి ఉంది. అది వచ్చిననాడు అభయశాసనంలోని ఖాళీ వరుస నిండుతుంది.